లాక్‌డౌన్‌లో పోయిన నడక నాకు మళ్ళీ రాలేదు. మీకు వచ్చిందా?

ఖాళీ బిందె (ప్రశ్న)

మొన్న అల్మారా సర్దుతుంటే పాత ఫోన్ దొరికింది. ఛార్జింగ్ పెడితే వెలిగింది. అందులో అడుగులు లెక్కపెట్టే యాప్ తెరిచి చూశాను. 2020 ఫిబ్రవరిలో రోజుకి సగటున 11,200 అడుగులు. ఏప్రిల్‌లో 1,400. పక్కపక్కన ఆ రెండు గీతలు చూస్తే ఒకటి తాటిచెట్టు, రెండోది దాని మొదట్లో గడ్డిపరక.

అప్పుడు నేను విశాఖలో ఎమ్మెస్సీ కెమిస్ట్రీ మొదటి సంవత్సరం. వ్యాయామం అన్న మాటే నాకు పడదు. పదో తరగతి తర్వాత గ్రౌండ్ మొహం చూసింది లేదు. కాకపోతే మా హాస్టల్ కింద, డిపార్ట్‌మెంట్ మీద. విశాఖ వాళ్ళకి చెప్పక్కర్లేదు, అక్కడ సముద్రం వైపు దిగే ప్రతి రోడ్డూ ఒక 'డౌన్'. దిగేటప్పుడు బానే ఉంటుంది, ఎక్కేటప్పుడు తెలుస్తుంది. పొద్దున్న ఎక్కడానికి 20 నిమిషాలు, మధ్యాహ్నం మెస్‌కి దిగడం, మళ్ళీ ల్యాబ్‌కి ఎక్కడం, సాయంత్రం దిగడం. ల్యాబ్‌లో మూడు నాలుగు గంటలు బ్యూరెట్ ముందు నిలబడటం. ఇదంతా నా లెక్కలో 'చదువుకోవడం'. ఒళ్ళు కదపడం అని ఒక్కరోజూ అనుకోలేదు.

మార్చి 19 నుంచి కాలేజీలకి సెలవులన్నారు. రెండు వారాలే కదా అని ఒక బ్యాగు సర్దుకుని విజయనగరం జిల్లాలో మా ఊరికి వచ్చేశాను. 22న జనతా కర్ఫ్యూ, 25 నుంచి లాక్‌డౌన్. మళ్ళీ హాస్టల్ గది తాళం తీసేసరికి నవంబరు.

ఊళ్ళో సిగ్నల్ మా డాబా మీదే వచ్చేది, అదీ వాటర్ ట్యాంకు పక్కన. ఆ నీడలో పీట వేసుకుని పొద్దున్న మూడు గంటలు, మధ్యాహ్నం రెండు గంటలు క్లాసులు. సాయంత్రం అక్కడే నడుద్దామని చూశాను. డాబా ఈ చివర నుంచి ఆ చివరకి 22 అడుగులు. ఏప్రిల్ నెలాఖరుకి సగం డాబాని అమ్మమ్మ మామిడి తాండ్ర చాపలు ఆక్రమించాయి. మిగతా సగంలో ఒడియాలు. మూలల్లోంచి వంకర తిరుగుతూ నడుస్తుంటే కింద నుంచి అమ్మమ్మ కేక: "తాండ్రలో దుమ్ము పడతాది, దిగే!"

రోడ్డు మీద నడుద్దామంటే ఇంకో గొడవ. మాస్కు, పోలీసు సంగతి పక్కన పెట్టండి, మా వీధి ఆడవాళ్ళ పోలీసింగ్ ముందు అదెంత? "ఏటే పిల్లా, ఎక్కడికి?" "ఊరికే, నడుద్దామని పిన్నీ." "ఊరికే ఏటి?" రెండో రోజుకి అమ్మకి కబురొచ్చింది, పెళ్ళీడు పిల్ల ఊరికే తిరుగుతోందని. మా తమ్ముడు మాత్రం రోజూ జీడితోటలో క్రికెట్ ఆడి చీకటిపడ్డాక వచ్చేవాడు. వాణ్ణి ఎవరూ ఏమీ అడగలేదు.

చివరికి అమ్మే దారి చెప్పింది. "బిందె పట్టుకెళ్ళు. ఎవరూ అడగరు." నిజంగానే అడగలేదు! చంకలో ఖాళీ స్టీలు బిందె పెట్టుకుని ఊరి చివర బోరింగు దాకా వెళ్ళి, సగం నింపుకుని వచ్చేదాన్ని. ఇంట్లో కుళాయి ఉంది. ఆ నీళ్ళు మందారాలకి పోసేదాన్ని. జూన్‌లో వానలు మొదలయ్యాక మొక్కలకి నీళ్ళన్న సాకూ పోయింది, నడకా పోయింది.

నవంబరులో హాస్టల్ గది తెరిస్తే మంచం కింద నా బూట్లు. ఆ డౌన్‌లో చెప్పులు నెలకొకటి అరుగుతున్నాయని జనవరిలోనే 1,800 పెట్టి కొన్నవి. ఒకటి ఎత్తాను. పై భాగం చేతికొచ్చింది, సోల్ నేలమీదే ఉండిపోయింది. సముద్రపు గాలికి, మూసిన గదికి జిగురు చచ్చిపోయింది. ఇన్ని నెలలు తొడక్కుండా ఉండేసరికే పోయాయి. ఆ రోజు డిపార్ట్‌మెంట్‌కి చెప్పులతో ఎక్కుతూ దారిలో మూడుసార్లు ఆగాను. ఎనిమిది నెలల క్రితం ఫోన్‌లో మాట్లాడుతూ ఎక్కిన దారే అది.

ఇప్పుడు విజయవాడలో బ్యాంకు ఉద్యోగం. రోజుకి 3,000 అడుగులు దాటితే గొప్ప. రెండుసార్లు జిమ్‌కి డబ్బు కట్టి మానేశాను. నా ప్రశ్న ఇదీ: ఆ రెండేళ్ళు యూనివర్సిటీలోనో కాలేజీలోనో ఉన్నవాళ్ళకి అందరికీ ఇలాగే అయిందా? తిరిగి వచ్చినవాళ్ళు ఎలా వచ్చారు? దయచేసి యూట్యూబ్ లింకులు పంపకండి.

ఊరికే అడిగా

2020 గురించి ఇప్పుడు ఏడవడం ఎందుకండీ? రోజుకి గంటసేపు ఫోన్ పక్కన పడేసి బయటికి వెళ్ళండి. సాకులు లేనివాడు అప్పుడూ చేశాడు, ఇప్పుడూ చేస్తున్నాడు. నేను మొత్తం లాక్‌డౌన్‌లో రోజూ మా అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో 40 రౌండ్లు కొట్టాను.

ఖాళీ బిందె

మీ సెల్లార్‌లో తాండ్ర ఎండబెట్టలేదు కదా సార్.

ఈల మాస్టారు

గోదావరి జిల్లాలో ఒక డిగ్రీ కాలేజీలో ఫిజికల్ డైరెక్టర్ని. అమ్మా, మీ పోస్టు రెండుసార్లు చదివాను. మీరు వ్యాయామం చేయని మనిషినని రాశారు. తప్పు. లెక్క వేసి చూపిస్తాను.

జనం ఎంత కదులుతున్నారో తెలుసుకునే సర్వేలకి ప్రపంచమంతా వాడే ఒక ప్రశ్నపత్రం ఉంది. పోయిన 7 రోజుల్లో ఎంత నడిచారు, ఎంత మధ్యరకం పని చేశారు, ఎంత గట్టి పని చేశారు అని అడుగుతారు. ప్రతిదానికీ ఒక విలువ: నడకకి 3.3, మధ్యరకానికి 4, గట్టిదానికి 8. నిమిషాలతో గుణించాలి. మీరు రోజుకి నాలుగు 20 నిమిషాలు, అంటే 80. వారానికి ఆరు రోజులు, 480. దాన్ని 3.3తో గుణిస్తే 1,584. వారంలో కనీసం ఐదు రోజులు కదులుతూ 600 దాటితే 'మధ్యస్థం' కింద వేస్తారు. అంటే నడక ఒక్కదానితోనే మీరు ఆ గీత రెండున్నర రెట్లు దాటేశారు. మీ డౌన్ ఎక్కడాన్ని గట్టి పని కింద వెయ్యలేదు, వేస్తే ఇంకా పెరుగుతుంది. ఏప్రిల్‌లో రోజుకి 15 నిమిషాలనుకుందాం. 346. అంతే.

అప్పట్లో చాలా దేశాల్లో యూనివర్సిటీ పిల్లల మీద సర్వేలు జరిగాయి. ఎక్కువ వాటిలో తేలింది ఇదే. నడక తగ్గింది, గట్టి వ్యాయామం తగ్గింది, కూర్చునే గంటలు పెరిగాయి. ముందు బాగా కదిలేవాళ్ళే ఎక్కువ పడిపోయారు. ముందు ఏమీ చేయనివాళ్ళలో కొందరు మాత్రం కొత్తగా మొదలుపెట్టారు, పైన సెల్లార్ సార్‌లాగ. (వెటకారం కాదు సార్, 40 రౌండ్లు మంచిదే.) అయితే ఈ సర్వేల్లో ఎక్కువ భాగం ఆన్‌లైన్ ఫారాలు. సిగ్నల్ ఉన్నవాడు నింపాడు. మా కాలేజీకీ అలాంటి ఫారం ఒకటి వచ్చింది. వాట్సాప్ గ్రూపులో పెట్టాను. మా పిల్లల్లో సగం మంది దగ్గర అప్పుడు ఫోన్ నాన్నది, నాన్న పొలంలో.

ఇక మీరు అడిగిన దానికి వస్తాను. క్యాంపస్ మిమ్మల్ని నడిపించింది. మీరు నడవాలని అనుకోనక్కర్లేకపోయింది. క్లాసు పైన ఉంది, అన్నం కింద ఉంది, అంతే. ఊళ్ళో మీ అమ్మగారు అదే పనిని బిందెతో చేశారు, ఆవిడకి నా నమస్కారం చెప్పండి. జిమ్ మీకు ఎందుకు నిలవలేదో నాకు అర్థమైంది. అక్కడికి వెళ్ళడమే పని, వెళ్ళాక అందేదేమీ కనపడదు. మీకు కావలసింది 20 నిమిషాల దూరంలో ఏదో ఒక అవసరం. అన్నమే అయితే మరీ మంచిది.

ఒకేసారి 80 నిమిషాలు అక్కర్లేదు. 2020 నవంబరులో ప్రపంచ ఆరోగ్య సంస్థ కొత్త సూచనలిచ్చింది. పెద్దవాళ్ళకి వారానికి 150 నుంచి 300 నిమిషాల మధ్యరకం శ్రమ, రెండు రోజులు కండరాల పని. అంతకుముందు ఒక విడతకి 10 నిమిషాలైనా ఉండాలనేవారు, ఆ షరతు తీసేశారు. ఐదు నిమిషాలు నడిచినా లెక్కే. ఉద్యోగస్తులకి ఇది మంచి వార్త, ఎందుకో ఎవరూ చెప్పరు.

మీ బూట్ల సంగతి చదివి నాకు మా జావెలిన్ పిల్ల గుర్తొచ్చింది. 2019లో డిగ్రీలో చేరింది. భుజం చూస్తేనే తెలిసింది, విసిరే పిల్ల అని. 2020 ఫిబ్రవరిలో భువనేశ్వర్‌లో మొదటి ఖేలో ఇండియా యూనివర్సిటీ క్రీడలు జరుగుతుంటే ఫోన్‌లో చూపించి, వచ్చేసారి నువ్వక్కడ అన్నాను. వచ్చేసారి అంటే 2022 ఏప్రిల్ 24, బెంగళూరు. ఈ లోపు ఇంటి దగ్గర కోసిన వరిచేలో వెదురు కర్ర విసురుతూ వీడియోలు పంపేది. కర్ర తేలిక, అలవాటు చెడిపోతుందని నేనే తిట్టాను. 2021 మేలో పెళ్ళి శుభలేఖ పంపింది. ఆ కర్రనైనా విసరనివ్వాల్సింది.

ఏడు పదిహేను

అన్నా, అక్కా, నాది ఉల్టా కథ. నాకు లాక్‌డౌన్‌లో కష్టం పెరిగింది, తగ్గలేదు.

నల్గొండ జిల్లా. హైదరాబాద్‌లో పీజీ చేస్తూ కానిస్టేబుల్‌కి ప్రిపేర్ అవుతుంటి. హాస్టల్ ఖాళీ చెయ్యమంటే ఇంటికి పోయిన. నాయిన ఆటో బందు. ఏప్రిల్ ఆఖర్ల ఉపాధి హామీ పని మొదలైంది. అమ్మ జాబ్ కార్డుల నా పేరు కూడా ఉండె. ఆ ఏడాది కూలి రోజుకి 237 రూపాయలు, అదీ కొలత ప్రకారం గుంత పూర్తయితేనే. చెరువు పూడిక తీసేది. పొద్దున ఆరింటికి పోతే పదిన్నరకి ఇంటికి. గడ్డపారతో ఒకడు తవ్వితే ఒకడు తట్ట ఎత్తేది, కట్ట మీదికి మోసేది. మా గుంపుల బీటెక్ పిల్లలు ఇద్దరు, బీఈడీ అయిన అక్క ఒకామె. ఎవ్వరూ దాన్ని ఎక్సర్‌సైజ్ అనలే. ఫోటో కూడా దిగలే. సర్వే ఫారం నాకొస్తే ఏం నింపేవాణ్ణో మాస్టారు చెప్పాలె.

నెలకి నడుము గట్టిపడ్డది, భుజాలు వచ్చినయి. నేను అనుకున్న, ఈవెంట్స్ (కానిస్టేబుల్‌కి పెట్టే ఉరుకుడు పరీక్షలు) నాకు లెక్క కాదు అని. ఒకరోజు చెరువు కట్ట మీద ఉరికి చూసిన. కిలోమీటర్ కాలే, దమ్ము పట్టేసింది. తట్ట మోసే కాళ్ళు వేరు, ఉరికే కాళ్ళు వేరు. ఆ సంగతి అప్పుడు తెలిసింది.

2021 మేలో నాకు కరోనా వచ్చింది. దవాఖానకు పోయేంత కాలేదు గని పది రోజులు మంచం. తగ్గినంక పది రోజులకే ఉరికిన, మొండితనం. 300 మీటర్లకి గుండె చెవుల్ల కొట్టుకున్నది. గట్టు మీద కూసున్న, లేవబుద్ధి కాలే. అప్పుడు తెలంగాణల మళ్ళ లాక్‌డౌన్, పొద్దున ఆరు నుంచి పది దాకనే సడలింపు. నాకు ఆరు దాకా ఆగే పని లేకుండె, మా పొలం గట్ల మీద ఎవరాపుతరు. రెండు వారాలు నడిచిన, మూడో వారం వంద అడుగులు ఉరుకుడు వంద అడుగులు నడుసుడు. సెప్టెంబర్ దాకా అదే.

2022ల కానిస్టేబుల్ నోటిఫికేషన్ వచ్చింది. ఇంతకుముందు మొగోళ్ళకు 800 మీటర్ల ఉరుకుడు ఉండె, ఈసారి 1600 చేసిండ్రు, 7 నిమిషాల 15 సెకన్లల. నా కింద నేల కదిలింది. నా టైం 7:02. నా పేరు చూస్తే తెలుస్తది, ఇప్పటికీ ఆ నంబర్ కలలకొస్తది.

అక్కా, నేను చెప్పేది ఒక్కటే. వెనక్కి పోవాలనుకోకు. నాకు 2020 ముందు దమ్ము ఎంతుండెనో తెల్వదు, కొలవలే. కొలిచిన దగ్గర్నుంచి ముందుకే పోయిన.

ఈల మాస్టారు

తమ్ముడూ, ఆ ఫారంలో 'పని' అని ఒక భాగం వేరే ఉంది, పొడుగు ప్రశ్నపత్రంలో. చిన్నదాంట్లో అన్నీ కలిపేసి అడుగుతారు. తట్ట మోయడం గట్టి పని కిందికే వస్తుంది, 8. రోజుకి మూడు గంటలు నిజంగా మోసి ఉంటే మా కాలేజీ అథ్లెట్లు నీ ముందు బలాదూర్. కానీ నువ్వన్నట్టు మీవాళ్ళెవరూ అది రాసి ఉండరు. 'వ్యాయామం' అని పైన కనపడగానే జీరో పెట్టి ఉంటారు.

జ్వరం తగ్గిన పది రోజులకి అలా పరుగెత్తడం మాత్రం చాలా తప్పు. చదివేవాళ్ళకి చెబుతున్నాను: అలాంటి జబ్బు తర్వాత ముందు ఇంటి పనులు, తర్వాత నడక, అది హాయిగా అనిపించాకే పరుగు. ఛాతీలో నొప్పి, గుండె దడ, కళ్ళు తిరగడం ఉంటే గ్రౌండ్‌కి కాదు, డాక్టర్ దగ్గరికి.

పార్కింగ్ లాట్

2020 జనవరిలో ఎమ్మెస్‌కి టెక్సాస్ వచ్చాను. మార్చి మధ్యలో క్యాంపస్ మూసేశారు. రెండు గదుల ఫ్లాట్‌లో ఐదుగురం తెలుగువాళ్ళం. క్యాంపస్ జిమ్ చూసింది మొత్తం నాలుగుసార్లు, ఫీజు మాత్రం తర్వాతి సెమిస్టర్ బిల్లులో కూడా పడింది. రాత్రి పదకొండుకి ఐదుగురం ఆరడుగుల దూరంలో పార్కింగ్ లాట్ చుట్టూ తిరిగేవాళ్ళం, ఒకే ఇంట్లో పక్కపక్కన పడుకునే మాకు ఆ ఆరడుగులు దేనికో ఇప్పటికీ అర్థం కాదు. అయినా ఆ రౌండ్ల వల్లే పిచ్చెక్కకుండా బయటపడ్డాను. బరువు మాత్రం తొమ్మిది కేజీలు పెరిగాను. వంతులవారీగా వంట, ప్రతివాడి వంతుకీ బిర్యానీయే.

ఖాళీ బిందె గారూ, మేం కారు కొన్నాక ఆ నడక ఆగిపోయింది. కరోనా ఆపలేదు, కారు ఆపింది.

ఊరికే అడిగా

సరే, ఒప్పుకుంటున్నాను. నాది గేటెడ్ అపార్ట్‌మెంట్, ఎవరూ 'ఎక్కడికి' అని అడగలేదు. మా చెల్లి కూడా అప్పుడు డిగ్రీ. నిన్న రాత్రి ఫోన్ చేసి అడిగాను, నువ్వు సెల్లార్‌లో ఎందుకు నడవలేదు అని. "నువ్వు నడిచే టైమ్‌లో నేను అంట్లు తోముతున్నా అన్నయ్యా" అంది. పనిమనిషిని మాన్పించాం అప్పుడు. ఆ సంగతి నాకు గుర్తే లేదు.

ఖాళీ బిందె

అందరికీ థాంక్స్. మాస్టారూ, మీ లెక్క స్క్రీన్‌షాట్ తీసి అమ్మకి పంపాను. "1,584 అంటే మంచిదా చెడ్డదా" అని అడిగింది. మంచిదే అన్నాను. "మరి అప్పుడు అంత సన్నంగా ఎందుకున్నావు" అంది. అమ్మ లెక్క వేరు.

ఏడు పదిహేను తమ్ముడూ, నువ్వు చెప్పాక నేనూ కొలిచాను. ఆఫీసులో లిఫ్ట్ వదిలేసి మూడో అంతస్తు దాకా ఎక్కాను. రెండో అంతస్తు దగ్గర ఆగి గోడ మీద నోటీసులు చదువుతున్నట్టు నటించాను. రాసి పెట్టుకున్నాను: ఒక ఆగుడు.

ఇక 20 నిమిషాల దూరంలో అన్నం సంగతి. మా బ్రాంచి పక్కనే కర్రీ పాయింట్ ఉంది, ఇన్నాళ్ళూ అక్కడే. కాలువ అవతల ఒక మెస్ ఉందని, గోంగూర పప్పు బాగుంటుందని మా క్యాషియర్ గారు ఏడాది నుంచి చెబుతున్నారు. లంచ్ టైమ్ సరిపోదని వెళ్ళలేదు. నిన్న మేనేజర్ని పది నిమిషాలు అదనంగా అడిగి బయల్దేరాను. కొత్త బూట్లు కొనలేదు, ముందు ఈ చెప్పులు అరగనీ అనుకున్నాను. వెళ్ళడానికి 17 నిమిషాలు పట్టింది. షట్టర్ దించి ఉంది. దానికి ఒక కాగితం అంటించి ఉంది: 'మా ఇంట్లో శుభకార్యం. గురువారం తెరుస్తాము.' ఆకలితో వెనక్కి రావడానికి 21 నిమిషాలు.

ఏడు పదిహేను

38 నిమిషాలు అయినయి గద అక్కా. గురువారం పో, గోంగూర పప్పు ఎట్లుందో రాయి.